రెండో సొరుగు

స్టిక్కర్ల షాపు,
జూన్ 6.

బావకి,

నమస్కారాలు. మీ పనిముట్ల పెట్టె నిన్న మధ్యాహ్నం చేరింది. లారీ అతను దాన్ని దింపి, నడుం పట్టుకుని, "ఇందులో ఎవరినైనా పెట్టి పంపారా సార్?" అన్నాడు. ఖాళీదే అంటే నమ్మలేదు. నాకూ అనుమానమొచ్చి పై సొరుగు లాగి చూశాను. రెండు బోల్టులు, ఒక మొండి పెన్సిలు, మీ పాత కళ్ళజోడు కాడ. అంతే.

ఫోన్ చేద్దామనుకున్నాను. అక్క తీస్తే సరే. మీరు తీస్తే ఇద్దరం గొంతులు చించుకోవాలి, వీధిలో వాళ్ళు మనకి ఆస్తి తగాదా వచ్చిందనుకుంటారు. ఇంజన్ల మోత మీ చెవుల్ని అంతలా తినేసింది. ఉత్తరమే నయం.

పెట్టె సంగతి చెబుతాను. ఎరుపు రంగు సగం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. వెనకవైపు అరచెయ్యంత తుప్పు. కుడి పక్క రెండు సొట్టలు. కంగారేం లేదు. పిడులన్నీ విప్పి, సొరుగులు బయటికి తీసి, ముందు సబ్బునీళ్ళతో, తర్వాత స్పిరిట్‌తో గ్రీజంతా వదలగొడతాను. తుప్పు గీకి, సొట్టల్లో పుట్టీ నింపి, నున్నగా రుద్ది, అప్పుడు వినైల్ షీటు అంటిస్తాను. బస్సుల మీద ప్రకటనలకి వాడే షీటే. మీ డిపో బస్సులకి ఇప్పుడు అంటిస్తున్నది నేనే కదా, మా షాపులో సగం పని వాటిదే. గ్రీజు గోరంత మిగిలినా షీటు నెల తిరక్కుండా లేచి కూర్చుంటుంది. అందుకే కడగడానికే రెండు రోజులు పడుతుంది.

రెండో సొరుగు తెరుచుకోవడం లేదు. బిగిసిపోయినట్టుంది. తర్వాత చూస్తాను.

అది సరే గానీ, మమ్మల్నెవర్నీ ఆ పెట్టె మీద చెయ్యి కూడా ఆనించనిచ్చేవారు కాదు మీరు. ఇప్పుడేమిటి ఇలా వదిలేశారు? అక్కకి ఏ రంగు కావాలో అడిగి రాయండి.

మీ బావమరిది.


ఇల్లు, ముందు గది,
జూన్ 14.

చిన్నా,

ఆశీస్సులు. ఉత్తరం అందింది. నీ చేతిరాత ఇంకా కోడి గీకినట్టే ఉంది. ఇంతింత అక్షరాలు బస్సుల మీద ఎలా అంటిస్తున్నావో, ఎక్కేవాళ్ళు ఎలా చదువుతున్నారో నాకైతే తెలియదు.

మీ అక్కకి చెక్క రంగు కావాలట. టేకు చారలున్న షీటు ఉంటుందటగా, అది. ముందు గదిలో కుర్చీ పక్కన పెట్టుకుని, సొరుగుల్లో దారాలూ గుండీలూ కత్తిరింపు ముక్కలూ సర్దుకుంటుందట. ఇనుముకి చెక్క వేషం వేయించడం నాకు నచ్చలేదు, కానీ నా మాట ఎవరిక్కావాలి? ఎరుపు కనబడకుండా పోతే చాలు నాకు.

రెండో సొరుగు బిగిసిపోలేదు. కుడివైపు కొంచెం పైకెత్తి లాగాలి. నీకు తెలిసిందే, మరిచిపోయి ఉంటావు. అందులో స్పానర్ల ఆకారాలు కత్తిరించిన మందపాటి నల్ల ఫెల్టు గుడ్డ ఉంటుంది. అది పీకి పారెయ్యి.

ఇంకో సంగతి. మెకానిక్ పని నేర్పే స్కూలు ప్రిన్సిపాల్ ఇంటికొచ్చాడు. ఒకప్పుడు డిపోలో బస్సులు బాగుచేసే మన మూడో బేలోనే పనిచేసి వెళ్ళాడు, నీకు ముందు. పిల్లలకి ఇంజను పని నేర్పడానికి రమ్మంటాడు. టీ తాగి రెండు గంటలు బతిమాలాడు. ఆగస్టు పదో తారీఖుదాకా చూస్తాడట. రానని చెప్పాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. నేను ఇంజనులో స్పానరు మరిచిపోబట్టి ఒక డ్రైవరు మోకాలు పోయింది. అలాంటివాడు పిల్లల ముందు నిలబడి, పనయ్యాక పనిముట్లు లెక్క చూసుకోండర్రా అని ఏ మొహంతో చెబుతాడు?

పదకొండేళ్ళయింది. ఇప్పటికీ ఇంట్లోంచి కదిలితే తాళం వేశానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొస్తాను. స్టవ్ కట్టేశానా అని మీ అక్కని మూడుసార్లు అడుగుతాను. ఆవిడ మూడుసార్లూ విసుక్కోకుండా చెబుతుంది. విసుక్కుంటే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది.

పని తొందరగా కానియ్యి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

మీ బావ.


స్టిక్కర్ల షాపు,
జూన్ 25.

బావకి,

నమస్కారాలు. టేకు షీటు తెప్పించాను. మా ఆవిడ చూసి, "ఇంత మంచి షీటు మన బీరువాకి మాత్రం ఎప్పుడూ దొరకదు" అని దెప్పింది. మిగిలిన ముక్క బీరువాకి అంటిస్తానని మాటిచ్చి బయటపడ్డాను.

పై పలకా, రెండు పక్కలూ అయిపోయాయి. మూలల దగ్గర మాత్రం ఏడిపించింది. వేడిగాలి గన్నుతో షీటుని మెత్తబరిచి వంపు తిప్పాలి. వేడి చాలకపోతే ముడత పడుతుంది, ఎక్కువైతే చారలు సాగిపోయి టేకు కాస్తా ఇంకేదో చెట్టవుతుంది. ఎడమ మూల రెండుసార్లు పీకి మళ్ళీ అంటించాను. గాలి బుడగలు రెండొస్తే సూదితో పొడిచి, పలకతో తోసేశాను. ఇప్పుడు వేలితో తడిమినా తెలియదు. సొరుగుల్లో నాలుగయ్యాయి. రెండోది మిగిలింది. మీరు చెప్పినట్టే ఎత్తి లాగితే వచ్చింది. ఫెల్టు పారేశాను.

స్కూలు విషయం అక్క కూడా ఫోన్లో చెప్పింది. వెళ్ళండి బావా. ఎన్నాళ్ళని ఇంట్లో కూర్చుని తాళాలు లాగి చూసుకుంటారు? జరిగిందేదో జరిగిపోయింది. మనిషన్నాక ఎవరైనా మరిచిపోతారు. ఆ రోజు పని ఒత్తిడి కూడా అలా ఉంది, నాలుగు బస్సులు మన నెత్తినే పడ్డాయి. ఆ డ్రైవరూ బతికే ఉన్నాడుగా. ఆ గొడవంతా ఇప్పుడెవరికి గుర్తుంటుంది చెప్పండి.

వచ్చే నెల మొదటి వారంలో పెట్టె పంపేస్తాను.

మీ బావమరిది.


ఇల్లు, ముందు గది,
జూలై 5.

చిన్నా,

ఎవరైనా మరిచిపోతారు అని ఇంకెప్పుడూ నాకు రాయకు. ఓదార్చాలని రాశావు, తెలుసు. కానీ నా పక్కన నిలబడి ఆరేళ్ళు పనిచేసినవాడు అనాల్సిన మాట కాదది.

నేను మరిచిపోయినందుకు బాధ కాదురా. ఎలా మరిచిపోయానో నాకు అంతుపట్టదు, అదీ బాధ. ఆ సాయంత్రం ఇంటికెళ్ళే ముందు రెండో సొరుగు తెరిచి చూశాను. ఇరవై రెండు ఆకారాలు, ఇరవై రెండూ నిండి ఉన్నాయి. ఒక్కటి ఖాళీగా కనబడినా ఎవర్నీ గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు, నీకు తెలుసు. నా కళ్ళతో నేను చూశాను. మర్నాడు పొద్దున్న మొదటి ట్రిప్పులోనే, మనం చేసి పంపిన బస్సుల్లో ఒకటి మార్కెట్ గోడని గుద్దింది. యాక్సిలరేటర్ కడ్డీ పక్కన ఇరుక్కుని పద్నాలుగో నంబర్ స్పానర్ దొరికింది. దానికి, నా పనిముట్లకి గుర్తుగా చుట్టుకునే పసుపు పట్టీ ఉంది.

సొరుగులో ఉన్నదేమో కొత్తది, పట్టీ లేనిది. ముందు సాయంత్రం నేను ఖాళీలే చూశాను, పట్టీలు చూడలేదు. స్టోర్ చీటీ తీసి చూపించారు. ముందు రోజు తేదీ, పద్నాలుగో నంబర్ ఒకటి, కింద నా సంతకం. సంతకం నాదే. అది తెచ్చిన జ్ఞాపకం మాత్రం నాకు రవ్వంత కూడా లేదు. నిన్నూ అడిగాను, నిన్న స్టోర్ నుంచి నువ్వేమైనా తెచ్చావా అని. లేదన్నావు. మరింకెవరు తెస్తారు? పాతది ఇంజనులో వదిలేసి, కొత్తది తెచ్చుకుని, రెండూ మరిచిపోయానంటే నా బుర్రలో ఏదో పాడైందనేగా. విచారణలో అదే చెప్పి సంతకం పెట్టాను. పనిముట్లు ఇక నా చేతికివ్వొద్దని నేనే అడిగాను. రిటైరయ్యేదాకా తొమ్మిదేళ్ళు గేటు దగ్గర కూర్చుని, వచ్చే బస్సూ పోయే బస్సూ రాసుకున్నాను.

డ్రైవరుకి గుర్తుండదంటావా? ప్రతి ఏడూ ఒకసారి వాళ్ళింటికి వెళ్తాను. లోపలికి రమ్మంటాడు. కుంటుతూ వెళ్ళి కుర్చీ తెచ్చి వేస్తాడు. నేను తెచ్చి వేసుకుంటానంటే ఒప్పుకోడు.

ఈ నెలాఖరుకి ప్రిన్సిపాల్‌కి రాలేనని కాగితం రాసిచ్చేస్తాను. మళ్ళీ ఆ మాటెత్తకు.

మీ బావ.


స్టిక్కర్ల షాపు, వెనక గది,
జూలై 13.

బావకి,

ఈ ఉత్తరం ఇప్పటికి ఐదుసార్లు మొదలుపెట్టి చింపేశాను. షాపు మూసేసి కూర్చున్నాను. పనివాళ్ళతో ఒంట్లో బాగోలేదని చెప్పాను.

స్పానర్ మరిచింది నేను.

ఆ రోజు మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నా పద్నాలుగో నంబర్ జారి బస్సు కింది గుంటలో పడింది. దిగి వెతకడం బద్ధకమై మీ సొరుగులోంచి మీది తీశాను. కడ్డీ మీద నట్టు బిగించి, అక్కడే పైన పెట్టి, ఇంకో బస్సు దగ్గరికి వెళ్ళాను. పని ముగిశాక మీ సొరుగులో ఖాళీ చూస్తే గాని దాన్ని తిరిగి పెట్టలేదని తట్టలేదు. ఎక్కడ పెట్టానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ సాయంత్రం ఆరింటికి మా ఆవిడ వాళ్ళ నాన్న నన్ను చూస్తానన్నారు. అప్పటికే రెండుసార్లు వాయిదా వేసుకున్నాను, మూడోసారి వెళ్ళకపోతే సంబంధం లేదనేశారు. మీరు ఖాళీ చూశారంటే నాలుగు బస్సులూ విప్పించి వెతికిస్తారు. ఇక ఆరింటికి వెళ్ళినట్టే.

చీటీల పుస్తకంలో మీరు ముందే సంతకాలు పెట్టి నాకిచ్చేవారు. "మాటిమాటికీ నా చుట్టూ తిరక్కు, కావలసింది రాసి తెచ్చుకో" అని. గుంటలో పడ్డ నాది పెడదామంటే దానికి నా రంగు పట్టీ ఉంది. ఆ పుస్తకంలో ఒకటి చించి, పద్నాలుగు అని రాసి, స్టోర్ నుంచి కొత్తది తెచ్చి, మీ ఫెల్టులో పెట్టాను. పొద్దున్నే ముందుగా వచ్చి పాతది వెతికి మార్చేద్దామనుకున్నాను. నేను వచ్చేసరికి ఆ బస్సు వెళ్ళిపోయింది.

మీరు అడిగినప్పుడూ, విచారణలో వాళ్ళడిగినప్పుడూ లేదన్నాను. ఆ తర్వాత చెబుదామని చాలాసార్లు మీ ఎదురుగా వచ్చి నిలబడ్డాను. ఏదో పని సంగతి అడిగి వెళ్ళిపోయేవాణ్ణి. విచారణ రోజు మీరు గదిలోంచి బయటికొచ్చి, నా భుజం మీద చెయ్యేసి, "నాకు మతిమరుపు మొదలైందిరా చిన్నా, మీ అక్కకి ఇప్పుడే చెప్పకు, భయపడుతుంది" అన్నారు. నేను, "అలాంటిదేం లేదు బావా, విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోతుంది" అన్నాను. స్పానర్ మరవడం పొరపాటు అనుకోవచ్చు. ఆ మాట అనడం మాత్రం పొరపాటు కాదు. తెలిసి అన్నాను. ఆ తర్వాత పెళ్ళయ్యేదాకా ఏడాదిపాటు మీ ఇంట్లో, మీ పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. మీరు తాళం లాగి చూసుకోవడం రోజూ చూశాను.

డిపో వదిలి ఈ ఊరొచ్చి స్టిక్కర్ల పని నేర్చుకున్నది ఇందులో లాభం ఉందని కాదు. మీరు గేటు దగ్గర కూర్చుని రాసుకుంటుంటే రోజూ మీ ముందునుంచి లోపలికి వెళ్ళలేకపోయాను. అందరికీ మాత్రం సొంత షాపు మోజు అని చెప్పాను.

ఫెల్టు పారేశానని రాసింది కూడా అబద్ధం. సొరుగు బిగిసిపోయిందన్నదీ అబద్ధమే. ముట్టుకోవడానికి చేతులు రాలేదు. మిగతాదంతా టేకు షీటు చుట్టాను. దాన్ని మాత్రం ఎర్రగానే వదిలేశాను, ఫెల్టు లోపలే ఉంది. పెట్టె ఈరోజు లారీకి ఎక్కించాను.

ప్రిన్సిపాల్‌కి ఆ కాగితం ఇవ్వకండి. మీ బుర్రకి ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. నన్ను ఏమన్నా పడతాను. క్షమించండి బావా.

చిన్నా.


ఇల్లు, ముందు గది,
ఆగస్టు 2.

నీకు,

ఏమని పిలవాలో తెలియక పైన అంతే రాశాను.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. పెద్దగా. మీ అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నాకేం కాలేదే, నేను బాగానే ఉన్నానే అని చెబుతూ నవ్వుతూనే ఉన్నాను. పదకొండేళ్ళుగా ఏ రోజుకారోజు, ఇవాళ ఏం మరిచిపోతానో, రేపు ఎవరి ప్రాణం మీదికి తెస్తానో అని భయపడుతూ లేచినవాణ్ణి. ఆ సంతోషం ఎంతుంటుందో నీకు తెలియదు. ఆ సంతోషం నీ చేతిమీదుగా రావాల్సి వచ్చింది, అది మింగుడు పడలేదు.

తర్వాత నాలుగు రోజులు ఉత్తరం జేబులోనే పెట్టుకు తిరిగాను. ఐదో రోజు మీ అక్కకిచ్చాను. కూరగాయలు తరుగుతున్నది కాస్తా కత్తిపీట పక్కకి జరిపి చదివింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "అప్పట్లో ఈయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం, తోడు రారా అంటే, ఆటో కూడా వాడే పిలుచుకొచ్చాడు" అంది. మళ్ళీ కూరగాయలు తరిగింది. ఆవిడ నీ ఫోను ఎందుకు తియ్యడం లేదో ఇక నేను చెప్పక్కర్లేదు. నువ్వు చెప్పాల్సింది ఉంటే ఆవిడకి వేరే రాసుకో, నా ఉత్తరంలో చివరి ముక్కగా పెట్టకు.

పెట్టె వచ్చింది. అంచులన్నీ తడిమి చూశాను. ఎక్కడా ముడత లేదు, బుడగ లేదు. మూలల్లో షీటు లోపలికి మడిచిన తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అది చూశాకే నీ మీద ఎక్కువ ఒళ్ళు మండింది. ఈ శ్రద్ధ నీకు నేర్పింది నేను.

మొన్న స్కూలుకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ సంతోషించాడు. కానీ చేర్చుకోవాలంటే డిపో నుంచి నా పాత రికార్డు తెప్పించాలట. అందులో నా పేరు పక్కన నిర్లక్ష్యం అని రాసి ఉంది. "ఆ పని మీది కాదంటున్నారుగా, మరి ఎవరిది సార్?" అని అడిగాడు. నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఎంతైనా మీ అక్కకి తమ్ముడివి కదా. తెలియదు అన్నాను. పని విషయంలో తెలిసి నేనాడిన మొదటి అబద్ధం అది. బయటికొచ్చి గేటు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. రెండోసారి నాచేత ఆడించకు.

క్షమించమన్నావు. ఆ మాట తర్వాత చూద్దాం. వస్తుందో రాదో నేనూ చెప్పలేను. డ్రైవరు ఇంటికి ఈ ఏడు నేను వెళ్ళను. మార్కెట్ వెనక రెండో సందు, మెట్లున్న ఇల్లు. కుర్చీ వేస్తానంటే వెయ్యనివ్వు, వద్దనకు.

ప్రిన్సిపాల్ పదో తారీఖుదాకా ఆగుతాడు.

బావ.


స్టిక్కర్ల షాపు,
ఆగస్టు 7.

గౌరవనీయులైన డిపో మేనేజరు గారికి,

పదకొండేళ్ళ క్రితం మీ డిపో బస్సు ఒకటి మార్కెట్ గోడను గుద్దిన ప్రమాదం గురించి ఇది రాస్తున్నాను. దయచేసి మూడో బే హెడ్ ఫిట్టరు గారి రికార్డుతో కలిపి ఉంచండి. దీని నకలు మెకానిక్ స్కూలు ప్రిన్సిపాల్ గారికి కూడా పంపాను.

ఆ బస్సు ఇంజనులో పద్నాలుగో నంబర్ స్పానర్ వదిలింది నేను. అప్పట్లో ఆయన కింద ఫిట్టరుగా ఉన్నాను. ఆ స్పానర్ ఆయన సొరుగులోంచి ఆయనకు చెప్పకుండా తీశాను. అది కనబడకపోయేసరికి ఆయన ముందుగా సంతకం పెట్టి నాకిచ్చిన చీటీ మీద స్టోర్ నుంచి కొత్తది తెచ్చి, ఆయన తనిఖీలో తెలియకుండా దాని స్థానంలో పెట్టాను. చీటీ మీద అంకె నా చేతిరాత. దానితో పోల్చి చూసుకోవడానికి ఇది కూడా టైపు చేయించకుండా చేత్తోనే రాస్తున్నాను. విచారణలో నన్ను అడిగినప్పుడు అబద్ధం చెప్పాను.

ప్రమాదంలో గాయపడిన డ్రైవరు గారి ఇంటికి నిన్న వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. "ఇన్నేళ్ళూ ఆ పెద్దాయన్ని నా గుమ్మంలో తలొంచుకుని నిలబెట్టావా?" అని అడిగి, నన్ను వెళ్ళిపొమ్మన్నారు. కుర్చీ వెయ్యలేదు.

మీ బస్సులకు స్టిక్కర్లు అంటించే పని ప్రస్తుతం మా షాపే చేస్తోంది. ఇది చదివాక ఆ పని మాకు ఉంచాలో తీసెయ్యాలో మీ ఇష్టం. చేతిలో ఉన్న ఆరు బస్సులూ పూర్తి చేసి అప్పగిస్తాను. శిక్ష ఏదైనా ఉంటే దానికీ సిద్ధమే.

రికార్డులో ఆయన పేరు పక్కన ఉన్న మాట కొట్టేసి, అక్కడ ఈ ఒక్క వాక్యం రాయాలని వేడుకుంటున్నాను. ఆ రోజు ఆయన ఏదీ మరిచిపోలేదు.

ఇట్లు,
ఆయన దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్న ఫిట్టరు.